చిల్లులకు వేరే, బిరడాలకు వేరే

బడి నుంచి వచ్చిన కాగితంలో అంతా రాసే ఉంది. ఆరో తరగతి బ్యాండులో ఫ్లూట్ మొదలుపెట్టే పిల్లకు చిల్లుల్లేని మీటలు చాలు, ఆఫ్‌సెట్ జి, అంటే కాస్త పక్కకి జరిపిన జి మీట, ఉంటే మంచిది, చివరి ముక్క సి ఫుట్ అయితే సరిపోతుంది. యమహా 222, గెమైన్‌హార్ట్ 2ఎస్‌పీ లాంటివి చూడండి. తొందరపడి కొనకండి, ముందు అద్దెకు తీసుకోండి. ఇంతే సంగతి. అది చదివి, అలాగే చేసి, హాయిగా ఉన్న తల్లిదండ్రులు ఈ డాలస్ శివార్లలో బోలెడుమంది.

నేను మాత్రం ఆ కాగితాన్ని అనుమానించాను. బడికీ కొట్టుకీ మధ్య కమీషనేదో ఉండే ఉంటుందని మా ఆవిడతో అన్నాను. "అద్దె కట్టి కట్టి చివరికి మనకేం మిగులుతుంది?" అని కూడా అన్నాను. ఇల్లు కొనేటప్పుడు నేర్చుకున్న మాట అది. సందర్భం ఉన్నా లేకపోయినా వాడేస్తుంటాను.

కాగితం పక్కన పడేసి ఎక్సెల్ షీటు తెరిచాను. నేర్చుకునేవాళ్ల ఫ్లూట్లు చాలావరకు జర్మన్ సిల్వర్‌తో చేసి, పైన వెండి పూత పూసినవట. రాగి, నికెల్, జింకు కలిపిన ఆ లోహంలో వెండి వీసమెత్తు ఉండదు. గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్టులుగా పంచే కుంకుమ భరిణెల సరుకు నా కూతురి పెదవికి తగలడమా! అలా వెండి హెడ్‌జాయింటు, అంటే ఊదే రంధ్రం ఉండే పై ముక్క, ఒక గడిలోకి చేరింది. నిజానికి లోహం కన్నా, ఊదే రంధ్రాన్ని ఎంత నేర్పుగా కోశారన్నదే ముఖ్యమని తర్వాత తెలిసింది. హైస్కూల్లో పనికొస్తుందని ఓపెన్ హోల్ మీటలు చేరాయి. కాలేజీలో పనికొస్తుందని బి ఫుట్ చేరింది. మీటలన్నీ ఒకే వరసలో ఉంటే చూడ్డానికి బాగుంటుందని ఇన్‌లైన్ జి కూడా. పిల్ల ఇంకా ఒక్క స్వరమైనా ఊదలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఈ లక్షణాలన్నీ ఉన్న సెకండ్‌హ్యాండ్ ఫ్లూట్ ఒకటి దొరికింది. గట్టిగా బేరమాడి తెచ్చాను. సర్‌ప్రైజ్ కదా, పిల్లను వెంట తీసుకెళ్లలేదు.

ఓపెన్ హోల్ అంటే ఐదు మీటలకు నడిమధ్యన చిల్లులుంటాయి. వేలికొస సరిగ్గా చిల్లు మీద కూర్చోకపోతే గాలి జారిపోయి స్వరం పలకదు. ఇన్‌లైన్ జి అయితే ఎడమ ఉంగరపు వేలు ఇంకాస్త సాగాలి. బి ఫుట్ వల్ల కుడి కొస బరువెక్కి వాలిపోతుంది. అది పలికించే ఆ ఒక్క అదనపు మంద్రస్వరంతో మొదటి ఏడాది బ్యాండు పుస్తకానికి పనే లేదు. వెదురు వేణువుకి వేళ్లు అందేచోట రంధ్రాలు పెడతారు. 1847లో థియోబాల్డ్ బోమ్ అనే జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు, ఇప్పుడు మనం చూస్తున్న ఈ గొట్టానికి రూపమిచ్చినప్పుడు, శ్రుతి కోరినచోట రంధ్రాలు పెట్టి, వేళ్లు అందడానికి మీటలు అమర్చాడు. అంత బుర్రపెట్టి ఆయన తగ్గించిన వేళ్ల కష్టాన్ని నేను అదనంగా డబ్బిచ్చి తెచ్చుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నప్పుడు తిరునాళ్లలో కొన్న పిల్లనగ్రోవి ఊదిన పాండిత్యం నాది. కర్ణాటక సంగీతంలో రంధ్రం సగం మూసి గమకం పలికిస్తారని, చిల్లుల మీటలైతే ఆ సౌకర్యం ఉంటుందని పిల్లకు ఉపన్యాసమిచ్చాను. "నాన్నా, మాకింకా హెడ్‌జాయింటే ఊదిస్తున్నారు" అంది. కొత్తవాళ్లకు మొదట ఆ ముక్కొక్కటే ఇచ్చి, గాలంతా రంధ్రంలోకే పోకుండా ఆవలి అంచుకి తగిలి చీలేలా ఊదడం నేర్పుతారు. దానికి ఓపిక కావాలి. నాకు లేదు. శబ్దం రావట్లేదంటే లోపం వాద్యంలోనే ఉందని తేల్చి, కొసనున్న మూత పట్టుకుని తిప్పాను. దాని వెనక బిరడా ఉంటుంది. అది ఊదే రంధ్రం నడిమి నుంచి 17 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. జరిగితే శ్రుతి చెడుతుంది. అది చూసుకోవడానికే తుడిచే కడ్డీ మీద గీత ఉంటుంది. నేనది అలంకారమనుకున్నాను.

తర్వాత విభూతి. హెడ్‌జాయింటు వెండి నల్లబడుతోందని, పనిలో పనిగా ఫ్లూట్ మొత్తాన్ని దేవుడి సామాను తోమినట్టు విభూతి పెట్టి తోమాను. తళతళలాడింది. మర్నాటికి మీటలు పైకి లేవడం మానేశాయి.

వాద్యాల కొట్టులో రిపేర్లు చేసే పెద్దాయన దాన్ని దీపం కింద పెట్టి, "ఈ పొడేమిటి?" అన్నాడు. పవిత్రమైన బూడిద అని చెప్పాను. "కావచ్చు, ప్యాడ్లకి ఆ సంగతి తెలీదుగా" అన్నాడు. మీటల కింద ఉండే ప్యాడ్లు ఫెల్టు మీద సన్నటి పొర చుట్టినవి. వాటి మీదా, మీటలు తిరిగే ఇరుసుల నూనెలోనూ నా భక్తి పేరుకుపోయింది. మీటలన్నీ విప్పి కడగాల్సొచ్చింది. బిరడాను చోటికి జరిపాడు. అంతా అయ్యాక, మా అమ్మాయి వేళ్లు చూసి, "చిల్లులకు బిరడాలు పెట్టమంటారా?" అని అడిగాడు. చిల్లులున్నందుకు ఎక్కువిచ్చాను. ఇప్పుడవి పూడ్చడానికి మళ్లీ ఇవ్వాలి. బిరడాలు పెట్టినా బి ఫుట్ పొడుగు తగ్గదు, ఆ జి మీట పక్కకి జరగదు.

అప్పుడాయన నేను చేయని పని చేశాడు. చిల్లుల్లేని మామూలు ఫ్లూట్ ఒకటి తీసి పిల్ల చేతికిచ్చి, ఎడమ ఉంగరపు వేలి వంకా కుడి చిటికెన వేలి వంకా చూస్తూ నిలబడ్డాడు. ఎక్సెల్ షీటులో ఎన్ని గడులు గీశానో, ఆ వేళ్లకి మాత్రం గడి లేదు.

"ఇది పట్టుకుంటే నొప్పి లేదు" అంది.

"మరి దానితో నొప్పెడుతోందని చెప్పలేదేం?"

"నువ్వు సర్‌ప్రైజ్ ఇచ్చావు కదా నాన్నా."

మారు మాట్లాడకుండా అద్దె కాగితం మీద సంతకం పెట్టాను. చిన్నాచితకా రిపేర్లు ఆ అద్దెలోనే కలిసున్నాయి. ఆ సంగతీ బడి కాగితంలో ఉంది.

వచ్చే ఏడాది మావాడు ఆరో తరగతికొస్తాడు. ట్యూబా కావాలంటున్నాడు. అంత పెద్ద వాద్యాలు బడివాళ్లే ఇస్తారు, మీరు కొనక్కర్లేదు అని కాగితంలో స్పష్టంగా ఉంది. ఈసారి శ్రద్ధగా, చివరి వాక్యం దాకా చదివాను. చదివాక, ఊరికే తెలుసుకుందామని, ట్యూబా ధరలు చూశాను.