నోటీసుబోర్డు సూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము

"ప్రాజెక్టు రిపోర్టుల కొఱకు విద్యార్థులు నమ్మదగిన వెబ్‌సైట్ల నుండి మాత్రమే సమాచారము తీసుకొని, మూలములు చూపవలెను. లేనిచో మార్కులు తగ్గింపబడును."

అవతారిక

ఒకానొక డిగ్రీ కళాశాలలో, పరీక్షరుసుము గడువును తెలుపు ప్రకటనకును, పోయిన గొడుగును గూర్చిన విన్నపమునకును నడుమ, గుండుసూదులతో బిగింపబడి వెలసిన యీ గ్రంథము పరిమాణమున స్వల్పమయ్యును అర్థమున గంభీరము. మూలములు చూపవలెనని శాసించిన గ్రంథకర్త తన పేరు మాత్రము చూపక, చదువ నలవికాని పొడిసంతకముతో సరిపెట్టెను గనుక కర్తృనిర్ణయమును భావిపండితులకు విడుచుచున్నాము. దీనికి సీనియర్లు చెప్పిన లఘుటీక యొకటి హాస్టళ్లలో బహుళప్రచారమున నున్నది: "గూగుల్‌లో మొదట వచ్చినది తీసుకొనుము." ఆ టీకను ఖండింపనిదే సూత్రార్థము తేటపడదని మా ప్రయత్నము.

ప్రతిపదార్థము

విద్యార్థులు = రేపు సమర్పింపవలసినదానిని ఈ రాత్రి ఆరంభించువారు; ప్రాజెక్టు రిపోర్టుల కొఱకు = స్పైరల్ బైండింగు చేయింపబడి, బీరువాపై పేర్పబడి, పిదప ఎవ్వరిచేతను తెఱువబడని గ్రంథముల నిమిత్తము; నమ్మదగిన = (క్రింద విచారింపబడును); వెబ్‌సైట్ల నుండి మాత్రమే = వాట్సాప్‌లో మేనమామ పంపినదాని నుండి కాదని భావము; సమాచారము తీసుకొని = కాపీ చేసి యని సీనియర్ల యర్థము, చదివి గ్రహించి యని మా యర్థము; మూలములు = ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పిరో ఆ వివరములు; చూపవలెను = కడపటి పుటలో "గూగుల్" అని యొక్కమాట వ్రాసి ఊరకుండరాదు.

తాత్పర్యము స్పష్టము.

విశేషములు

"నమ్మదగిన" అను పదమే సూత్రమునకు ప్రాణము. దానినే మూలకారుడు నిర్వచింపక విడిచెను. అందుచే పూర్వపక్షులు బయలుదేఱిరి. బ్రౌజరులో చిరునామా ప్రక్కన తాళముబొమ్మ కనబడిన చాలునని యొకరందురు. మన ఫోనునకును ఆ సైటునకును నడుమ సాగు సంభాషణను దారిలో మూడవవాడు వినకుండ ఆ తాళము కాపాడునే గాని, అవతలివాడు చెప్పునది సత్యమా యన్నది దాని విచారణలోనిది కాదు; అబద్ధమును సైతము అది భద్రముగా చేరవేయును. డాట్ ఆర్గ్ అని ముగిసిన చాలునని మఱియొకరి మతము. లాభాపేక్ష లేని సంస్థలకై యుద్దేశింపబడినదైనను ఆ పేరును రుసుము చెల్లించిన యెవ్వరైనను పొందవచ్చును. మార్టిన్ లూథర్ కింగ్ పేరిటనే డాట్ ఆర్గ్ చిరునామా సంపాదించి, అమెరికాలోని శ్వేతజాత్యహంకారులు ఆ మహనీయునిపై దుష్ప్రచారమును విద్యార్థులకు పనికివచ్చు సామగ్రివలె అలంకరించి యేండ్ల తరబడి నడపిరి. మన దేశమున డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకును, డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వశాఖలకును కేటాయింపబడినవి గనుక కొంత మేలు. అయినను మాటలాడుచున్నది ఎవరో అవి తెలుపును గాని, ఆ పుటను కడపట ఎన్నడు సవరించిరో తెలుపవు. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 13 నుండి 26 అయిన పిమ్మట, సవరణకు నోచుకోని యేదో శాఖ పుటనుండి 13 అని యెత్తి వ్రాసినవాడు ప్రభుత్వమును నమ్మి చెడినవాడగును.

ఈ చిక్కును న్యాయశాస్త్రకారులు ఎన్నడో విప్పిరి. ప్రత్యక్షానుమానోపమానములతోపాటు శబ్దమును నాల్గవ ప్రమాణముగా గౌతముడంగీకరించి, ఆ శబ్దము ఆప్తునిదై యుండవలెననెను. ఆప్తుడెవడన, విషయమును సాక్షాత్తుగా ఎఱిగినవాడును, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడును అని వాత్స్యాయనభాష్య సారము. ఋషికిని ఆర్యునికిని మ్లేచ్ఛునికిని ఈ లక్షణము సమానమే యనుట ఆ భాష్యకారుని యౌదార్యము. వెబ్‌సైటునకును సమానమే యనుట మా యతిదేశము. కనుక పుట కనబడగానే రంగులను గాక వక్తను విచారింపవలెను: ఇతనికి ఎట్లు తెలిసెను? చెప్పుటయందు ఇతని ప్రయోజనమేమి?

ఈ ప్రశ్నలకు సమాధానము ఆ సైటులోని "మా గురించి" పుటలోనే దొరకునని భ్రమింపరాదు. తాను అనాప్తుడనని చెప్పుకొనువాడు లోకమున లేడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ అను పరిశోధకులు 10 మంది చరిత్రకారులను, 10 మంది ఫ్యాక్ట్‌చెకర్లను, 25 మంది విద్యార్థులను కూర్చుండబెట్టి, శిశువైద్యుల సంఘములు రెండింటి పుటలను వారికి చూపిరి. 1930లో స్థాపితమై వేలకొలది సభ్యులతో విలసిల్లు అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒకటి. స్వలింగదంపతులు శిశువులను దత్తు తీసుకొనుటను అకాడమీ సమర్థింపగా సహింపక 2002లో చీలివచ్చిన కొలదిమంది స్థాపించిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషన్స్ రెండవది. విద్యార్థులలో అధికులును, పాపము చరిత్రకారులలో పలువురును, పుటను ఆపాదమస్తకము శ్రద్ధగా పఠించి, దాని గాంభీర్యమునకు తలలూచి, భేదమును గ్రహింపలేకపోయిరి. ఫ్యాక్ట్‌చెకర్లన్ననో, పుటను క్షణమాత్రము చూచి, విడిచి, ప్రక్కన వేఱు ట్యాబులు తెఱచి, ఆ సంఘమును గూర్చి యితరులేమనుచున్నారో విచారించిరి. పెండ్లికొడుకు గుణగణములను పెండ్లికొడుకునే యడుగక ఊరిలో వాకబు చేయు మన పెద్దల పద్ధతియే యిది. పరిశోధకులు దీనికి లేటరల్ రీడింగ్ అని పేరు పెట్టిరి, పార్శ్వపఠనమందము. శ్రద్ధగా చదువుటయే మోసపోవుటకు హేతువగు ఘట్టము ఒకటి కలదని మా బోటి పాతకాలపు పాఠకులకు అంగీకరింప మనసొప్పదు, అయినను నిజము.

స్వదేశోదాహరణము. తెలుగు లిపి ప్రపంచమున రెండవ యుత్తమ లిపియని అంతర్జాతీయసంస్థ తేల్చినదను వార్త, తెలుగును గూర్చిన వ్యాసములలో మంగళాచరణముగా వాడబడుచున్నది. పది సైట్లలో చూచితిని, పదింటను కలదు, కావున సత్యమని విద్యార్థి వాదించును. పది సైట్లును ఒకే వాక్యమును అచ్చుతప్పులతో సహా యెత్తి వ్రాసినపుడు వారు పదిమంది సాక్షులు కారు. ఒక్క సాక్షికి పది నకళ్లు. నకళ్లను దాటి ఎగువకు పోయినచో, 2012 అక్టోబరులో బాంకాకున జరిగిన ప్రపంచలిపుల పోటీ యొకటి కానవచ్చును. రెండవ స్థానము తెలుగుది. మొదటిది కొరియావారి హంగుల్‌ది. పోటీ నిర్వహించినవారు కొరియావారు. ఇందు అబద్ధమేమియు లేదు. పోటీ జరిగినది, మన లిపి నిలిచినది. కాని "అంతర్జాతీయసంస్థ తేల్చినది" అను మాటకును, "హంగుల్ అభిమానులు పెట్టిన పోటీలో హంగుల్ తరువాత నిలిచితిమి" అను మాటకును గల యంతరమును పట్టుకొనుటయే ప్రాజెక్టు రిపోర్టు చేయవలసిన పని. మన గుండ్రని యక్షరములను చూచి మేమును మురియువారమే. ఆ మురిపెమునకు బాంకాకు ధ్రువపత్రము అక్కఱలేదు.

పరిశోధనపత్రిక యనగానే చేతులు జోడింపనక్కఱలేదు. హైదరాబాదు కేంద్రముగా వందలకొలది పత్రికలను ప్రకటించిన ఓమిక్స్ సంస్థ, నిపుణుల పరిశీలన జరిపితిమని చెప్పి రచయితలను వంచించినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, 2019లో అచ్చటి ఫెడరల్ న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పెను. గాంధీనగరమున ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపు శోధగంగలో సిద్ధాంతగ్రంథములు ఉచితముగా దొరకును. వానిలోని అధ్యాయముల కంటె కడపటి యాధారసూచి తఱచు అధికోపకారి యని మా యభిప్రాయము.

"మార్కులు తగ్గింపబడును" అనునది ఫలశ్రుతి. ఎన్ని, ఎవరిచే అని చెప్పలేదు. కర్మణిప్రయోగమున కర్తను దాచుట కార్యాలయసంప్రదాయము.

ప్రక్షిప్తవిచారము

నోటీసు అడుగున పెన్సిలుతో "సార్, వికీపీడియా ఓకేనా?" అని యొక పంక్తి కొన్ని ప్రతులలో కానవచ్చుచున్నది. శైలీభేదముచే ఇది ప్రక్షిప్తమని తేలుచున్నను, ప్రశ్న సమంజసము గనుక సమాధానము చెప్పుచున్నాము. 2005లో నేచర్ పత్రిక 42 విజ్ఞానవిషయములపై నిపుణులచే పోల్పింపగా, వ్యాసమునకు సగటున వికీపీడియాలో 4, బ్రిటానికాలో 3 తప్పులు తేలెను. బ్రిటానికావారు ఆ పోలికను తీవ్రముగా ఆక్షేపించిరి. ఆ సంవత్సరముననే, జాన్ సీగెన్‌థాలర్ అను పత్రికాసంపాదకుడు కెనడీ సోదరుల హత్యలలో అనుమానితుడను కల్పన ఆయనను గూర్చిన వికీపీడియా వ్యాసమున నెలల తరబడి చెక్కుచెదరక నిలిచెను. కావున అచ్చట ఆరంభింపవచ్చును, ఆగరాదు. వ్యాసమును చదివి, "చరిత్ర" ట్యాబులో ఎవరు ఏ తేదీని ఏ మాట చేర్చిరో చూచి, అడుగున అంకెలతో చూపిన యాధారములకు దిగి, వానిని చదివి, వానినే యుదాహరింపవలెను. ఆధారపు లింకు తెఱచుకొననిచో ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో పాతప్రతి దొరకవచ్చును. అచ్చటను దొరకనిచో ఆ వాక్యమును రిపోర్టునుండి తొలగించుట యుత్తమము. పుటల సంఖ్య తగ్గునను భయము గలవారు మార్జిను పెంచుకొందురు గాక.