లింక్సు మాస్టరు

మా బాగేపల్లి పక్క కొడుకులు ఫారిన్లో ఉండే తండ్రులు రెండు రకాలు. పోయొచ్చి అక్కడి చలి గురించి చెప్పేవాళ్లు, పోయొచ్చి ఇక్కడి దుమ్ము గురించి చెప్పేవాళ్లు. మా లెక్కల మాస్టరు రెండింట్లోనూ చేరడు. ఆయన పోయొచ్చి గోల్ఫు కోర్సు గురించి చెప్తాడు.

కొడుకు ఎడిన్‌బరోలో ఉద్యోగం. ఒక ఆదివారం కారెక్కించుకుని సముద్రం పక్కనుండే సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సుకు తీసుకుపోయినాడంట. గంటన్నర నడిచినారు. రిటైరై తోచక కూచున్న మనిషికి అది చాలు.

ఇప్పుడు టీ అంగట్లో చిక్కినవాడు చిక్కినట్టే.

"18 హోల్సుకు గ్రీన్లు, అదే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి, ఎన్నుండాలప్పా?"

"18 సార్."

"తప్పు!" బెత్తం లేకపోయినా చెయ్యి మాత్రం లేస్తుంది. "పదకొండే! ఏడు గ్రీన్లను రెండేసి హోల్సు పంచుకుంటాయి. రెండుకు పదహారు జత, మూడుకు పదహైదు, నాలుగుకు పద్నాలుగు. ఏ జత కూడినా పద్దెనిమిదే!" టీలో తడిపిన వేలితో బల్ల మీద కూడికలేస్తాడు. అంగడాయన గుడ్డతో తుడుస్తాడు. ఈయన మళ్లీ వేస్తాడు.

మొదట్లో అది 22 హోల్సు ఆట, 1764లో పద్దెనిమిదికి తగ్గించినారు. ఆ సంవత్సరం మాకు ఇండిపెండెన్సు కన్నా బాగా గుర్తుంది. పదిహేడో హోల్లో బంతిని హోటలు మూల మీదుగా, గురి కనపడకుండానే కొట్టాలి. గ్రీను వెనకాలే రోడ్డు, రాతి గోడ. రోడ్డు మీద పడితే రోడ్డు మీంచే కొట్టాలి. "మన బస్టాండు ముందర క్రికెట్టు మాదిరి," అన్నాడు అంగడాయన. పోలిక నాకు నచ్చింది. మాస్టరుకు నచ్చలేదు.

నంది కొండ కింద గోల్ఫు కోర్సుందంటే ముఖం చిట్లిస్తాడు. "దానికి డిజైనరున్నాడప్పా. అదే దాని లోపం." విశాఖలో సముద్రం పక్కన ఈస్ట్ పాయింటుందన్నా ఒప్పుకోడు. "లింక్సంటే సముద్రానికీ సేద్యపు నేలకూ నడుమ దేనికీ పనికిరాని ఇసుకదిబ్బలు. గాలే మేస్త్రీ."

"పనికిరాని నేల మాకేం తక్కువ సార్? సముద్రమొక్కటే కొరత," అన్నాడు, వెయ్యి అడుగులు బోరేసి దుమ్ము చూసిన రైతు.

మొన్న చింతామణిలో పెండ్లికి నా స్కూటరు మీద వస్తా, దోవలో అరిచి ఆపించినాడు. బండ చాటున ఎండకూ గాలికీ తలదాచుకుని గొర్రెలు పండుకున్నాయి. కింద నేల గిన్నె మాదిరి గుంత పడింది.

"చూడప్పా! గాలి ఎట్నుంచి వస్తాంది, గొర్రె ఎట్ల ఒదిగింది, ఇసుక ఎట్ల జారింది! ఆడ గోల్ఫు బంతి చిక్కుకునే ఇసుక గుంతలు, బంకర్లు కూడా ఇట్లనే పుట్నాయంటారు."

గొర్రెల కాపరి కంగారుగా లేచినాడు. "నా గొర్రె ఏమన్నా తప్పు చేసిందా సామీ?"

"నీ గొర్రె ఇంజినీరప్పా!"

అతను గొర్రెను ఒకసారి, మాస్టర్ను ఒకసారి చూసినాడు. "సరే సామీ. ఇంత గుంతలో పడిన బంతిని పైకి ఎట్ల కొడ్తారు?"

మాస్టరు కండువా సర్దుకున్నాడు.

"ఆదివారం ఆడ ఆట ఉండదు. జనం నడిచేదానికి వదిలేస్తారు."

"అంత దూరం పోయి ఆట చూడకనే వస్తివా?"

"ముహూర్తం దాటిపోతాంది," అన్నాడు మాస్టరు నాతో. "బండి తియ్యప్పా."