నేపియర్ దొరకు స్వాగతం, కాసియోకు గెంటివేత

మహారాష్ట్ర బోర్డు పన్నెండో తరగతి ఫిజిక్స్ ప్రశ్నపత్రం మీద రెండు ఆజ్ఞలు పక్కపక్కనే ఉంటాయి. లాగ్ టేబుల్ వాడుకోవచ్చు. కాలిక్యులేటర్ వాడరాదు. స్కాట్లండ్‌లో మర్చిస్టన్ దొర జాన్ నేపియర్ గుణకారాలతో విసిగి లాగరిథమ్ పట్టికలు అచ్చేయించింది 1614లో. అప్పటికి మొఘల్ గద్దె మీద జహంగీర్ ఉన్నాడు, శివాజీ పుట్టడానికి ఇంకా పదహారేళ్లుంది. బోర్డు వారి అనుమతి సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత లోకం కనిపెట్టిన లెక్కల సాధనాలన్నీ కాపీ చిట్టీల కిందే జమ.

లాగ్ టేబుల్ కూడా ఎవరో ముందే కట్టిపెట్టిన జవాబుల పుస్తకమే కదా అని అడక్కండి. కాగితం మీద వెతికితే విద్య, బటన్ నొక్కితే నేరం. తెలంగాణలో ఇంటర్ చదివినవాళ్లకు క్లార్క్స్ టేబుల్స్ అట్ట రంగు ఇప్పటికీ గుర్తుంటుంది. లోపలున్నది ఎందుకు పనికొచ్చిందో మాత్రం గుర్తుండదు. జేఈఈ వారు ఇంకా నిష్ఠాపరులు, వారికి నేపియర్ దొర కూడా అంటరానివాడే. 2026 జేఈఈ మెయిన్ సమాచార పుస్తకంలో తెర మీద కాలిక్యులేటర్ ఉంటుందని అచ్చుపడింది. పిల్లలు సంబరపడేలోపే అది పొరపాటున పడిందని సవరణ వచ్చింది. అదే పిల్లవాడు నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి గేట్ రాయడానికి కూర్చుంటే, అడక్కుండానే తెర మీద సైంటిఫిక్ కాలిక్యులేటర్ ప్రత్యక్షమవుతుంది. నాలుగేళ్లలో వాడి శీలం అంత గట్టిపడుతుందన్నమాట.

ఇక గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ సంగతి. కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ వచ్చింది 1985లో. సమీకరణం ఇస్తే వేలెడు తెర మీద చుక్కచుక్కగా గీత గీసి చూపించింది. పదేళ్లు తిరక్కుండానే అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కాల్క్యులస్ పరీక్షకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి చేశారు. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష, ఇప్పటి డిజిటల్ శాట్‌లో డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ప్రశ్నపత్రం పక్కనే తెరుచుకుంటుంది. అంతదూరం ఎందుకు, ముంబైలో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియట్) స్కూళ్ల పిల్లలు లెక్కల పరీక్షకు ఆ యంత్రం లేకుండా పోతే వెర్రివాళ్లకింద జమకడతారు. సాంచాల (పవర్‌లూమ్‌ల) ఊరు భివండీ నుంచి అక్కడికి ట్రాఫిక్ దయతలిస్తే గంటన్నర. ఒకటే వక్రరేఖ, హైవే ఆ చివర పాఠం, ఈ చివర మాల్‌ప్రాక్టీస్. తేడా ఫీజు రసీదులో ఉంది.

భివండీలో మనవాళ్లు ఎవరో చెప్పక్కర్లేదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి చేతిమగ్గం వదిలి సాంచాల వెంట వచ్చిన పద్మశాలీలు. పద్మానగర్‌లో నాలుగడుగులేస్తే తెలుగు వినిపిస్తుంది, నాలుగో అడుగులో కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డుల వెనక నేర్పే లెక్కలు గొప్పవి. సైన్ గీత ఎలా ఉంటుందో బట్టీ, దాన్ని రెండుతో గుణిస్తే ఎలా ఉంటుందో ఇంకో బట్టీ, కుడికి జరిపితే మూడో బట్టీ. ఎందుకు జరిగింది సార్ అని అడిగితే, ‘పరీక్షలో అది అడగరు’ అని అభయం. నలభై సెకన్లలో గుణకారం చేసే పిల్లవాణ్ణి తయారుచేస్తారు. అరసెకనులో చేసే యంత్రం మూడొందలకు దొరుకుతుంది, ఆ సంగతి ఫీజు కట్టాక కూడా ఎవరూ చెప్పరు.

ఇలా తయారైన వీరుడు ఇంజనీరింగ్‌లో చేరగానే చేతికి సైంటిఫిక్ కాలిక్యులేటర్ వస్తుంది. ప్రోగ్రామ్ చేసేది, గీతలు గీసేది మాత్రం హాల్లోకి తేకూడదని అక్కడా షరతు ఉంటుంది. మొదటి రోజు సైన్ 30 నొక్కుతాడు. మైనస్ 0.988 అని వస్తుంది. యంత్రం పాడైందని షాపుకు పరిగెడతాడు. యంత్రం శుభ్రంగానే ఉంది. అది రేడియన్లలో ఉంది, మనవాడు డిగ్రీల్లో ఉన్నాడు. పన్నెండేళ్ల చదువులో సైన్ 30 సగం అని లక్షసార్లు రాయించారు గాని, 30 అంటే ముప్పై ఏమిటి అని ఒక్కసారి అడగనివ్వలేదు. యంత్రం అడిగింది. ఈ పరికరం నేర్చుకోవడం అంటే అసలు ఇదే. నొక్కే ముందు జవాబు ఎంత ఉండాలో ఒక అంచనా ఉండాలి, వచ్చింది దానికి దగ్గరగా లేకపోతే అనుమానం రావాలి. అనుమానించే పిల్లలు మాత్రం మన బోర్డులకు పెద్ద తలనొప్పి.

ఆ పిల్లవాడి తండ్రి పనిచేసే సాంచాల షెడ్డులో ఉన్న లెక్క చూడండి. మాటవరసకు, నిమిషానికి 120 పిక్కులు (అడ్డపోగులు) కొట్టే సాంచ. గంటకు 7,200. అంగుళానికి 52 పిక్కుల బట్టయితే మీటరుకు దాదాపు 2,047. అంటే గంటకు మూడున్నర మీటర్లు, ఎక్కడా ఆగకపోతే పన్నెండు గంటల డ్యూటీకి 42. పోగు తెగినా, కండె అయిపోయినా, కరెంటు పోయినా సాంచ ఆగుతుంది. ఆగిన గంటలను ఎక్స్, నేసిన మీటర్లను వై అనుకుని గీయండి, ఒక సరళరేఖ ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఆరు సాంచాలు చూసేవాడికి అన్నీ ఒక గంట ఆగితే 21 మీటర్ల కూలి గల్లంతు. ఇంతవరకు నోటిలెక్కే, మా పెద్దలకు ఎక్కాల దయవల్ల ఇది కొట్టినపిండి.

ఇప్పుడు షెడ్డు యజమాని సేఠ్ బట్ట మార్చాడు. అంగుళానికి 52 బదులు 60 పిక్కులు. మీటరు రేటు మాత్రం పాతదే. ‘బట్ట కొంచెం చిక్కగా ఉంటుంది, అంతే’ అన్నాడు. గంటకు వచ్చే మీటర్లు కావాలంటే, 7,200ని మీటరులోని అంగుళాలతో భాగిస్తే వచ్చే 183ని అంగుళంలోని పిక్కుల సంఖ్యతో భాగించాలి. దీన్ని యంత్రానికిచ్చి గీయమంటే వచ్చేది సరళరేఖ కాదు, అతిపరావలయం. కొడుకు ఇంటర్లో దాని నిర్వచనం నాభి, నియతరేఖలతో సహా అప్పజెప్పాడు, తండ్రి రోజూ దాని మీదే నిలబడి కూలి పోగొట్టుకుంటున్నాడు. ఇద్దరికీ పరిచయం చేసినవాడు లేడు. ఆగకుండా నడిచినా డ్యూటీకి 42 మీటర్లు కాస్తా 36 చిల్లర అవుతాయి. ఆరు సాంచాల మీద ముప్పైకి పైగా మీటర్లు గల్లంతు. సేఠ్ బల్ల మీదున్న పన్నెండంకెల కాలిక్యులేటర్‌కు ఈ సంగతి ముందే తెలుసు. దాన్ని వాడొద్దని ఏ బోర్డూ ఆయనకు చెప్పలేదు.

కొత్తగా ఈ యంత్రం పట్టినవాళ్లను అన్నిటికంటే ఏడిపించేది విండో. అడ్డంగా ఎంతవరకు, నిలువుగా ఎంతవరకు చూపాలో మనమే చెప్పాలి. తప్పు చెబితే తెర ఖాళీగా ఉంటుంది, గీత ఎక్కడో బయట తిరుగుతుంటుంది. పైన చెప్పిన వక్రరేఖనే తీసుకోండి. అడ్డంగా 52 నుంచి 60 పిక్కులు, నిలువు గీత మీద డ్యూటీ మీటర్లు సున్నా నుంచి వెయ్యి వరకు పెట్టండి. గీత నేలకు అతుక్కుపోయి, ఏ మార్పూ లేనట్టు పడుకుంటుంది. 30 నుంచి 45 వరకు పెట్టండి, అదే గీత లోయలోకి దూకుతుంది. సేఠ్‌కు గ్రాఫులు రాకపోవచ్చు, విండో పెట్టడం మాత్రం పుట్టుకతో వచ్చు. ‘సాలుకు లక్షల మీటర్ల వ్యాపారం, ఐదారు మీటర్లకు గొడవా’ అంటాడే, అది వెయ్యి వరకు పెట్టిన విండో. ఆ మాటకొస్తే యూనియన్ కరపత్రంలో కింది భాగం కోసేసి లోయ చూపించేవాళ్లూ ఉన్నారు. ఆ ట్రిక్కు మనవాళ్లు చేస్తే న్యాయమైపోదు. ఇరువైపుల ట్రిక్కునూ పట్టుకోవాలంటే విండో మార్చి చూడటం రావాలి.

‘సాంచాలవాళ్ల పిల్లలకు ఇవన్నీ ఎందుకు’ అనే పెద్దమనుషులకు చిన్న చరిత్ర. 1804లో జకార్డ్ మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించి పూలు నేయించాడు. ఆ అట్టలనే బాబేజ్ తన లెక్కల యంత్రం నమూనాలోకి అరువు తెచ్చుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రాన్ని మగ్గంతోనే పోల్చింది. కాలిక్యులేటర్ వంశవృక్షంలో మగ్గం ముత్తాత. ముత్తాత ఆస్తి మునిమనవళ్లకు అందకూడదని మన బోర్డులు రాసిన వీలునామా ఏ కోర్టులోనూ నిలవదు. ఆరో తరగతితో బడి మానిన చింతకింది మల్లేశం నూలుకు ఆసు పోసే యంత్రం చేస్తే 2017లో పద్మశ్రీ ఇచ్చి మురిసిపోయాం. ఆయన బడి మానకుండా లాగ్ టేబుల్ దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం.

పద్మానగర్ తల్లిదండ్రులకు ఒక్క మనవి. టీఐ, కాసియో కంపెనీల గ్రాఫు యంత్రాలకు వేలు పోయక్కర్లేదు. జియోజీబ్రా గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఫోన్లోకి ఉచితంగా వస్తుంది, ఒకసారి దించుకున్నాక గీతలు గీయడానికి నెట్ కూడా అక్కర్లేదు. రీల్స్ చూసే ఆ ఫోన్లోనే. ‘బాపూ, రాత్రి సాంచ ఎన్ని గంటలాగింది, పిక్కులెన్ని, రేటెంత’ అని పిల్ల అడిగితే ‘చదువుకో ఫో’ అని కసరకండి. కూర్చుని చెప్పండి. గీత గీయించండి. వచ్చే పగార్ రోజు ఆ ఫోన్ పట్టుకుని సేఠ్ బల్ల ముందుకు పొండి, నిలువు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఈసారి మీరే చెప్పండి.