గోమేధికపు ఇల్లు

నేను లిథియం అయాన్‌ని. ఉన్న మూడు ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని వదులుకున్నవాణ్ణి. చిలీలోని అటకామా ఉప్పునేల కింద, ఉప్పునీళ్ళలో యుగాలు గడిపాను. ఆ నీళ్ళు తోడి మడుల్లో ఎండబెట్టాక తెల్లటి కార్బొనేట్ పొడినై, ఎక్కడో ఒక ప్రయోగశాల మూసలో పడ్డాను.

లాంథనం, జిర్కోనియం ఆక్సైడ్లతో కలిపి నూరి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చారు. ఆ వేడికి మాలో కొందరు ఆవిరైపోతారని తెలుసు కనుక కొలతకు మించి పదోవంతు లిథియం ముందే వేశారు. కాలి బయటికొచ్చాక గట్టి పింగాణీ బిళ్ళ అయ్యాం. మా స్ఫటికానిది గార్నెట్ వంశం. నవరత్నాల్లోని గోమేధికం దానికి దాయాది. రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, కీల్ విశ్వవిద్యాలయపు వెర్నర్ వెప్నర్ కలిసి 2007లో లోకానికి చెప్పిన పదార్థం ఇది.

ఫోన్ బ్యాటరీల్లో ఉండే నా తోబుట్టువులు ద్రవంలో తిరుగుతారు. నాలుగైదు ద్రావణి అణువులు చుట్టూ చేరి బోయీల్లా మోస్తాయి. కానీ ఆ ద్రవానికి నిప్పంటుకుంటుంది. ఇక్కడ ఆ భయం లేదు, బోయీలూ లేరు. ఆక్సిజన్ గోడల మధ్య నా దారి నేనే వెతుక్కోవాలి.

మొదటి కాల్పులో ఆ దారే దొరకలేదు. చల్లారేసరికి స్ఫటికం ఒకవైపు కాస్త కుదించుకుపోయింది. ఎవరి గది వాళ్ళకి కేటాయించినట్టు అందరం ఒద్దికగా కూర్చున్నాం. పక్కగది నిండితే ఎక్కడికని వెళ్ళేది? కదలిక నూరోవంతుకు పడిపోయింది. రెండోసారి అల్యూమినా మూసలో కాల్చారు. మూసలోంచి కొంత అల్యూమినియం కరిగి మాలోకి దిగింది. దాని ఆవేశం మూడు, నాది ఒకటి. అది ఒక్కటి వచ్చి కూర్చుంటే మాలో ముగ్గురు లేవాలి. అంటే రెండు గదులు ఖాళీ! స్ఫటికం మళ్ళీ అన్నివైపులా సమానమైన ఘనంలా నిలిచింది. నా బతుకులో నేను మరిచిపోలేని మేలు ఆ రెండు ఖాళీలే.

గదిలో నేను సెకనుకు లక్ష కోట్ల సార్లకు పైగా ఊగుతుంటాను. గదికీ గదికీ మధ్య ఇరుకు వాకిలి దాటేంత ఊపు ఏ లక్షలో ఒకసారో వస్తుంది. అదీ ఒంటరిగా కాదు. 2017లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో యిఫీ మో బృందం కంప్యూటర్ లెక్కలతో ఈ సంగతే చూపింది. మేం ఒకరినొకరు నెట్టుకుంటూ వరసగా కదులుతాం. ఎత్తున ఉన్నవాడు దిగే బరువుతో పల్లంలోవాడు పైకి లేస్తాడు. ఏతం మీద మనిషి ఒక కొసకు నడిస్తే రెండో కొసన బాన పైకి రాదూ, అలాగన్నమాట.

ఒకసారి మమ్మల్ని బయట గాలిలో వదిలేశారు. తేమ వచ్చి పైవరసలోని మావాళ్ళని లాగేసి ప్రోటాన్లను కూర్చోబెట్టింది. బొగ్గుపులుసు వాయువు తోడై బిళ్ళ మీద కార్బొనేట్ పొర కట్టింది. గుమ్మం మూసుకుపోయింది. బిళ్ళను అరగదీసి, గాలి తగలని చోట వేడిచేశాకే, సెల్ కట్టడానికి కొసన పెట్టిన లిథియం లోహం మాకు సరిగ్గా అతుక్కుంది.

ఆ తరవాత ఎన్నో రోజులు సెల్ రెండు కొసల మధ్య అటూ ఇటూ తిరిగాను. ఒకనాడు కరెంటు బాగా పెంచారు. లోహం దగ్గర రేణువుల అతుకులో సన్నని పగులుంది. అటు పరుగెత్తాం. అవతలి ఒడ్డు చేరకముందే ఎలక్ట్రాన్ ఎదురొచ్చి నన్ను కలిసింది. ఎప్పుడో వదులుకున్నదాన్ని మళ్ళీ పొందాను, కానీ గోడ మధ్యలో. వెనకాల వచ్చినవాళ్ళూ లోహమై నా మీదే పేరుకున్నారు. పగులు చీలుతూ అవతలికంటా పోయింది. రెండు కొసలూ కలిసి సెల్ షార్టయింది.

బిళ్ళను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. తెల్లటి పింగాణీలో వెంట్రుకంత నల్లటి గీత కనబడింది. ఆ గీతలో, మొదటి మలుపు దగ్గర, నేనున్నాను.