క్యారమ్స్‌లో ఓడిపోకుండా ఉండటానికి ఏడు చిట్కాలు

మిరప కోతలు అయిపోయి, పత్తి గింజ పెట్టేలోపు కాస్త ఖాళీ దొరికితే చిలకలూరిపేట సందుల్లో క్యారమ్ బోర్డులు బయటికొస్తాయి. ఆడటం అందరికీ వచ్చు. వాదించడమే కొందరికి చేతకాదు. ఈ చిట్కాలు వాళ్ళకోసం.

1. రిఫరీ: బోర్డు ఎవరిదైతే వాళ్ళే రిఫరీ. మీది కాకపోతే బోరిక్ పౌడర్ డబ్బా కొనుక్కెళ్ళండి. సగం పెత్తనం చేతికొస్తుంది.

2. గీత: స్ట్రైకర్ బేస్‌లైన్ రెండు గీతలనూ తాకాలన్నది రూలు. మీరు పెట్టేటప్పుడు ఒక్కటి తాకినా చాలు. అవతలివాడు పెడితే మాత్రం బోర్డుకు ముక్కు ఆనించి చూడండి. "గీత తగల్లేదు బావా" అని వెంటనే అనొద్దు, సర్దుకుంటాడు. కాయిన్ పాకెట్లో పడ్డాక అనండి.

3. బొటనవేలు: 1988లో ఏర్పడ్డ అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య బొటనవేలితో కొట్టనిస్తుంది. మీరు కొట్టనివ్వకండి. సమాఖ్యవాళ్ళు మన ఊరి ఎన్నార్టీ సెంటర్లో బస్సు దిగి తగువు తీర్చరు గదా!

4. తోపుడు: స్ట్రైకర్‌ను కొట్టాలి, తోయకూడదు. ఏది కొట్టడమో ఏది తోయడమో తేల్చేది చూసేవాడి కన్నే కాబట్టి ఇక్కడ మీకు మంచి అవకాశం ఉంది. మీరు తోస్తే అది స్లో షాటు, ఎదుటివాడు స్లోగా కొడితే తోపుడు.

5. నిలబడ్డ కాయిన్: కాయిన్ అంచుమీద నిలబడినా, ఒకదానిమీద ఒకటి ఎక్కినా అలాగే వదిలేయాలి. మీరు వంగి, పౌడర్ ఎక్కువైందంటూ ఉఫ్ఫున ఊదండి. పడితే గాలిదే తప్పు.

6. టైము: షాటుకు పదిహేను సెకన్లే గడువు. ఇరుకున పడ్డప్పుడు ఫోన్ తీసి గుంటూరు యార్డులో మిర్చి రేటు కనుక్కోండి. రైతుబిడ్డను ఎవరూ తొందరపెట్టరు.

7. ఫైను: స్ట్రైకర్ పాకెట్లో పడితే ఒక కాయిన్ ఫైను కట్టాలి. దాన్ని పెద్ద వలయంలో ఎక్కడ పెట్టాలన్నది ఎదుటివాడి ఇష్టం. అంతదాకా రానివ్వకండి. మీ చేత్తోనే తీసి, పాకెట్‌కు నేరుగా పడేచోట మీరే పెట్టేయండి. అడిగితే "నీకెందుకులే శ్రమ" అనండి. ఇక రెడ్డు వేసి ఫాలో వెయ్యలేకపోతే, రెడ్డు తిరిగి మధ్యలోకి రావాలి. ఆ క్షణంలోనే టీ తెప్పించండి. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి రెడ్డు ఎవరి ఖాతాలో ఉందో ఎవరికి గుర్తుంటుంది?

ఈ ఏడూ పాటిస్తే మీ సందులో మీకు తిరుగుండదు. జిల్లా పోటీలకు మాత్రం పేరివ్వకండి. అక్కడ బోర్డు పక్కన అంపైర్ కూర్చుంటాడు, ఆయన టీ తాగడు.