బొమ్మరింటి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “అక్కలారా! అందరి ఇళ్లలోనూ ఉండే బాస్‌వుడ్ పలక, పాలిమర్ క్లే, కాస్తంత యూవీ రెజిన్ తీసుకొని, ఒకటికి పన్నెండు కొలతలో చక్కని విక్టోరియన్ ఇల్లు ఎవరైనా కట్టుకోవచ్చు. ఓపిక ఒక్కటుంటే చాలు!”

అవతారిక: ఈ మహావాక్యం కర్నూల్లో బొమ్మరిళ్లు కట్టడం నేర్పుతామని ఒకరు పంచిన కాగితంలోది. కర్త నామధేయం అడుగున అచ్చయి ఉంది గానీ, మహాకావ్యాల కర్తృత్వం ఎప్పుడూ వివాదాస్పదమే గనుక మేము దాని జోలికి పోము. సీపీ బ్రౌను కడపలో బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులను కూర్చోబెట్టి, చెదలు తింటున్న తాటాకులకు శుద్ధప్రతులు రాయించాడు, కావ్యాలకు టీకలు చేయించాడు. చెద పట్టకముందే అర్థం కాకుండా పోయిన ఈ కాగితానికి మాత్రం టీక ఎందుకుండకూడదు?

ప్రతిపదార్థం: “అక్కలారా” సులభం. “చక్కని” సులభం. “తీసుకొని” అనేది పైకి సులభంగా కనిపిస్తుంది, కానీ ఎక్కడినుంచి అన్నది కర్త చెప్పలేదు, దాన్ని తర్వాత చూద్దాం. తేలిక మాటకు పుటెడు అర్థం రాసి, కఠినపదం ఎదురవగానే “స్పష్టము” అని తప్పుకోవడం మన టీకాకారుల ఆచారం. మేము తేలికవాటి దగ్గరా తప్పుకుంటున్నాం.

“అందరి ఇళ్లలోనూ ఉండే బాస్‌వుడ్ పలక”: బాస్‌వుడ్ ఉత్తర అమెరికాలో పెరిగే లిండెన్ జాతి చెట్టు. ఆత్మకూరు అడవిలో మొలవదు. కాబట్టి “అందరి” అన్నచోట “మిషిగన్ వాసులందరి” అని అధ్యాహారం చేసుకోవాలి. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట ఉంటే ఆలంకారికులు అసంగతి అన్నారు. కలప మిషిగన్‌లో, ఇల్లు కర్నూల్లో. ఇంతకన్నా మంచి లక్ష్యం అలంకారగ్రంథాల్లో దొరకదు.

మన సీమలో కలప లేదా అని శిష్యుడి శంక. లేకేం! ఎరుపులో, బరువులో, చెక్కడానికి ఒదిగే గుణంలో ప్రపంచం కన్నేసిన ఎర్రచందనం కడప కొండల్లోనే ఉంది. రైల్వే కోడూరు పక్కన శెట్టిగుంటలో దాంతో బొమ్మలు చెక్కే పనివాళ్లున్నారు. బొమ్మరింటికి ద్వారబంధం చెక్కితే దానిముందు బాస్‌వుడ్ వెలవెలబోతుంది. అయితే ఆ ద్వారబంధం కోసం గొడ్డలి పట్టుకొని శేషాచలం ఎక్కితే, అక్క దిగేది పోలీసు జీపులో. “అందరి ఇళ్లలోనూ ఉండే” అన్న విశేషణం దీనికీ కుదరదు.

సిద్ధాంతం చెబుతున్నాం. బాస్‌వుడ్‌కు రాయలసీమ పర్యాయపదం జొన్నదంటు. కోయిలకుంట్ల, నంద్యాల, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడిలో పుట్టి పెరిగిన నడివయసువాళ్లెవరినైనా అడగండి. దంటు పైపొట్టు చీరితే ఈనెలొస్తాయి, లోపల తెల్లటి బెండు. చీరేటప్పుడు చూసుకోవాలి, ఆ అంచు బ్లేడుకన్నా పదును, వేలు తెగిందాకా తెలీదు. బెండును గణుపు దగ్గర తుంచి, ముక్కకు ముక్క ఈనె గుచ్చి, ఎద్దులబండి కట్టేవాళ్లు. నొగలు, కాడి, చక్రాలు, అన్నీ అదే దంటులోంచి. తుమ్మముల్లు మేకు. జిగురు అవసరమే లేదు, కావాలంటే చింతగింజలున్నాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రమీద కాళ్లూ చేతులూ అతికేది చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతోనే. బెండు తేలిక, కత్తికి లొంగుతుంది, రంగు పీల్చుకుంటుంది. పురుగు పడుతుందన్న దోషం ఒక్కటే. అందుకే ఆ బండి ఆయుష్షు ఒక్క కాలం. మళ్లీ కోతలకు కొత్త బండి.

ఆ దంటుతోనే మట్టి మిద్దె కట్టొచ్చు. అసలు ఇక్కడ కట్టాల్సిన బొమ్మరిల్లు మిద్దే. మందపాటి మట్టిగోడలు, వాటిమీద దూలం, దూలంమీద దంతెలు, ఆపైన కంప, కంపమీద మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వాన లోపలికి దిగకుండా కాపాడేది ఆ చౌడే. ఏటా తొలకరికి ముందు కొత్తగా చల్లేవాళ్లు. వెలుతురుకు మిద్దె నడినెత్తిన గవాక్షి. అడుగు వెడల్పు గవాక్షి బొమ్మరింట్లో అంగుళమవుతుంది. అందులోంచి పడే ఎండ మాత్రం ఏ కొలతకూ తగ్గదు. నేలకు నాపరాయి. బేతంచెర్ల నాపరాయి పొరలుపొరలుగా విడిపోయే రాయి, పాలిషు ఫ్యాక్టరీల బయట పెచ్చులు గుట్టలుగా పడి ఉంటాయి. అంగుళం మందం బండ పన్నెండో వంతుకు దిగితే రెండు మిల్లీమీటర్లు. అంత పలచటి పెచ్చు ఏరుకోవడానికి కావలసింది ఒక సంచి. ఈ రాతివరసలను ఊరూరా తిరిగి చదివి, విలియం కింగ్ 1872లో జియలాజికల్ సర్వే తరఫున కడప, కర్నూలు శిలల మీద గ్రంథమే రాశాడు. నార్జి సున్నపురాయి, పాణ్యం, బనగానపల్లె క్వార్ట్‌జైట్లు అంటూ భూగర్భశాస్త్రం మన ఊళ్ల పేర్లు చదువుతుంది. ఆ రాతిమీద కాలుపెట్టి నడిచే మన అక్క మాత్రం “స్టోన్ టెక్స్చర్ షీట్” కోసం ఆర్డరు పెట్టాలి!

ఎక్కడున్నాం? విక్టోరియన్ ఇల్లు.

“విక్టోరియన్ ఇల్లు”: గోడలో చలిమంట పొయ్యి ఉండే ఇల్లని కోశార్థం. మే నెల కర్నూల్లో చలిమంట పొయ్యి ఎందుకని అడగరాదు, కవిసమయం.

“యూవీ రెజిన్”: అతినీలలోహిత కిరణాలు తగిలితే గట్టిపడే ద్రవం, దానికో ప్రత్యేక దీపం కావాలి అని కాగితంలో ఉంది. మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర సీసా మూత తీసి నిలబడితే దీపం ఖర్చు మిగులుతుంది.

“పాలిమర్ క్లే”: ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర కాలితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద. స్పష్టము.

“ఒకటికి పన్నెండు కొలత”: అడుగుకు అంగుళం. లండన్‌లో మేరీ రాణికి 1924లో కట్టిచ్చిన బొమ్మరిల్లు ఈ కొలతదే. దాని వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్, మన న్యూఢిల్లీకి గీతలు గీసినాయనే. అందులో కొళాయి తిప్పితే నీళ్లొస్తాయి. కడపలో పెద్ద ఇళ్లకే ఆ సౌకర్యం రోజూ ఉండదు గనుక ఆ పోలిక పెంచడం లేదు. మన లక్కపిడతలకు మాత్రం ఏ కొలతా లేదు. పొయ్యీ బిందే ఒకే ఎత్తు, తిరగలికన్నా చేట పెద్దది. వండిన పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.

“తీసుకొని”: వాయిదా వేసిన పదం ఇదే. దీని అర్థం కస్టమ్స్ వారి దగ్గరుంది. సుంకాల పట్టికలో 9503 అనే శీర్షిక కింద మూడుచక్రాల సైకిలు, బొమ్మలు, పజిళ్లు, కొలత తగ్గించిన నమూనాలు అన్నీ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. ఆ పంక్తి మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి ఎక్కింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. దేశీయ పనివాళ్లను కాపాడడానికే అన్నారు, మంచిదే. మరి ఆ పనివాళ్లతో బొమ్మరింటి సామాను ఎవరు చేయించారు? కర్నూలు స్టేషనరీ అంగట్లో దొరికేవి థర్మాకోల్, ఐస్‌క్రీం పుల్లలు, చమ్కీ, ఫెవికాల్. స్కూలు ప్రాజెక్టులకని తెప్పించినవే. అక్క ఆ పుల్లలు కొనుక్కొని ఇంటికొచ్చి, తన చేతిలోనే లోపముందేమోనని కూర్చుంటుంది. ఇక్కడ టీకాకారుడికి నవ్వు రాదు. ప్రొద్దుటూరులో నగ కొక్కేనికి బియ్యపుగింజంత కీలు అమర్చే కంసాలి ఉన్నాడు. కమ్మచ్చులో తీగ లాగడం, చిమటాతో పూస పొదగడం ఆయన తాతలనాటి పని. మిషన్ నగలొచ్చి ఆయన మూస చల్లారింది. బొమ్మరింటి తలుపుకు రెండు కీళ్లు చేసిపెట్టమని ఆయన్ని అడిగినవాళ్లెవరు? కీళ్ల పొట్లం చైనా నుంచి రావాలని కాగితమే చెబుతోంది కదా! జొన్నదంటు మాటా అంతే. రేగడిలో శనగ వచ్చింది, పత్తి వచ్చింది, దంటు కోసం ఇప్పుడు ఊరూరా వెతకాలి. బాస్‌వుడ్ దొరకదని ఏడ్చేవాళ్లకు అదీ దొరకడం మానేసిందని ఇంకా తెలీదు.

“ఎవరైనా”: పైన చెప్పిన కారణాల వల్ల “కొందరు” అని అర్థం.

“ఓపిక ఒక్కటుంటే చాలు”: “ఒక్కటుంటే” అని అవధారణార్థకం ప్రయోగించి, కర్త తాను చెప్పిన బాస్‌వుడ్, క్లే, రెజిన్ మూడింటినీ తానే ఖండించుకున్నాడు. అంత నిజాయితీ అరుదు. అయితే కాగితం చివర తరగతి రుసుము కూడా ఉంది, ఓపిక రూపంలో పుచ్చుకోరని అక్కడే రాసి ఉంది.

తాత్పర్యం: సామాను వచ్చేదాకా అక్కలు గుమ్మంలో కూర్చొని ఉండవలెనని భావం. “ఓపిక” అన్నచోట “ఓటీపీ” అని ఒక పాఠాంతరం కనబడుతోంది. కొరియరు అబ్బాయి అడిగేది అదే గనుక ఆ పాఠమే సమంజసం.