పూచీ ఒక్కడిదే

హైదరాబాదులో ఒక పాత ఫ్లాటు మీ పేరు మీదకు రావాలంటే ఎంతమందికి డబ్బు ముట్టజెప్పాలో అందరికీ తెలుసు. పుచ్చుకున్నవాళ్ళలో ఎవరు దేనికి పూచీ పడతారో ఒక్కసారి అడిగి చూడండి. ఏజెంటు ఆకాశం వంక చూస్తాడు. లాయరుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటారు. బ్యాంకు మేనేజరుకు సరిగ్గా అప్పుడే ఫోనొస్తుంది. రిజిస్ట్రారాఫీసు గుమస్తా 'నెక్స్ట్' అని కేకేస్తాడు. మేస్త్రీ పాపం ఉన్నంతలో నిజాయతీపరుడు, 'నాదేముంది సార్' అని మొహం మీదే చెప్పేస్తాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. బుట్ట ఖరీదు ఎనభై లక్షలు.

ముందు ఏజెంటు సంగతి. అమ్మేవాడి దగ్గర ఒక శాతం, కొనేవాడి దగ్గర ఒక శాతం పుచ్చుకుని ఇద్దరి తరఫునా ఒకే నోటితో మాట్లాడతాడు. కోర్టులో ఈ పని ఏ వకీలైనా చేస్తే సన్నదు ఊడుతుంది. ఇక్కడ దీన్ని అనుభవం అంటారు. 'ఫ్యామిలీ ఏరియా సార్, మంజీరా నీళ్ళు, మూడువైపులా గాలి' అంటాడు. నాలుగో వైపు ఏముందో మీరు చేరాక తెలుస్తుంది. పక్క ప్లాటు ఫంక్షన్ హాలుది.

కొలతలు మరో మాయ. కాగితం మీద 1,500 ఎస్ఎఫ్‌టీ. టేపు పట్టి గోడ నుంచి గోడకు కొలిస్తే పదకొండొందలు దాటడం గగనం. తక్కిన నాలుగొందలూ మెట్లలో, లిఫ్టులో, కారిడార్లో, వాచ్‌మన్ గదిలో, జనరేటరు కింద ఉన్నాయట. ఎనభై లక్షల లెక్కన ఇరవయ్యొక్క లక్షల పైచిలుకు మీరు గడపకు అవతలే పోసి వచ్చారన్నమాట. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి ఆ లెక్క మీదే అమ్మాలని 2016 నాటి రెరా చట్టం అంటోంది. కట్టడంలో లోపం బయటపడితే స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్ళదాకా బిల్డరుదే పూచీ అని కూడా అంటోంది. మంచిదే. మీరు కొంటున్నది పదిహేనేళ్ళ కిందటి అపార్టుమెంటు. చట్టం పుట్టేనాటికే అది పెచ్చులూడుతోంది.

కొత్తది కొంటే సరి అనుకునేరు. దానికి ప్రీలాంచ్ అనే వేరే నరకం ఉంది. రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. ఇవి చట్టంలోని మాటలు. ప్రీలాంచ్ వాడు మాత్రం అనుమతి రాని స్థలంలో, తవ్వని పునాది మీద, లేని పద్నాలుగో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటుకు మొత్తం సొమ్ము ముందే కట్టించుకుంటాడు. 'సగం రేటుకే సార్' అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. సగం రేటుకు ఇచ్చేది కూడా ఏమీ లేదు.

పాత ఫ్లాటు దగ్గరికే వద్దాం. ఓనరుగారు పెద్దమనిషి, గోడ నిండా దేవుడి పటాలు. బేరం కుదిరాక గొంతు తగ్గించి 'ఇరవై క్యాష్‌గా సర్దండి' అంటారు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి చెబుతోంది. ఇరవై వేలకూ ఇరవై లక్షలకూ తేడా రెండు సున్నాలే కదా అని ఓనరుగారి ఉద్దేశం కాబోలు. ఆ తప్పుకు జరిమానా పుచ్చుకున్నవాడికే అని చట్టం రాసుకుంది. కొసరు మాత్రం మీకే మిగులుతుంది. ఆ ఇరవై లక్షలకు లోను రాదు. రేపు మీరు అమ్ముకుంటే కొన్న ధరలో అది లెక్కకు రాదు, లాభమంతా మీదేనని పన్ను వేస్తారు. కుదరదన్నారో, 'ఇంకో పార్టీ రెడీగా ఉంది' అని ఏజెంటు గోడవతల నుంచి దగ్గుతాడు.

సరే, ఎనభై లక్షలూ తెల్లగా రాయించుకునే సత్యసంధులే అనుకుందాం. తెలంగాణ ప్రభుత్వం మీ సత్యానికి మెచ్చి 7.5 శాతం తీసుకుంటుంది. స్టాంపు డ్యూటీ అయిదున్నర, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము అర. మొత్తం ఆరు లక్షలు. 2021 జులైదాకా ఇది 6 శాతమే ఉండేది. ఇంత పుచ్చుకుని సర్కారు ఏం హామీ ఇస్తుంది? ఫలానా తేదీన ఫలానా ఇద్దరు మా ఎదుట వేలిముద్రలు వేశారు, ఫొటో దిగారు అని. అంతే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదయ్యేది దస్తావేజు. అమ్మినవాడికి అసలు హక్కు ఉందో లేదో తేల్చడం ఆ ఆఫీసు పని కాదు. ఆరు లక్షలు పెట్టి తీయించుకున్న ఫొటోలో కళ్ళు మూసుకుపోయి ఉంటాయి. సందర్భానికి అదే తగినట్టుంది.

ఈలోగా అమ్మినాయన కట్టాల్సిన పన్ను కింద ధరలో ఒక శాతం మీరే పట్టుకుని ప్రభుత్వానికి జమచేయాలి. యాభై లక్షలూ ఆపైన విలువుంటే ఇది తప్పదు. దానికో ఫారం నింపాలి. జీతం లేని వసూలు గుమస్తా ఉద్యోగం. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఎవరికి? ఆయనకేం, ఆయన ఆ డబ్బుతో అమెరికాలో మనవణ్ణి ఆడిస్తుంటాడు. మీకే.

ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ తిరగేసి బ్యాంకు ప్యానెల్ లాయరు ఒపీనియన్ రాస్తాడు. ఫీజు మీది, ఒపీనియన్ బ్యాంకుది. చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: నాకు చూపిన ప్రతుల మేరకు. చూపనిది ఏదైనా ఉంటే ఆయన చూడలేదు, చూడనిదానికి ఆయన బాధ్యుడు కాడు, 'బ్యాంకే లోనిచ్చిందంటే అన్నీ క్లియరే కదా' అని మీరు అనుకుంటే అది మీ అమాయకత్వం. బ్యాంకు భయపడేది తన డబ్బు గురించి. అందుకే సంతకాల విషయంలో ఎక్కడా ఖాళీ వదలదు. ఇంత మందిలో పేజీ పేజీకీ, కొట్టివేతల పక్కన కూడా సంతకం పెట్టేవాడు కొనేవాడొక్కడే. తోడుగా సహరుణగ్రస్తురాలిగా భార్య.

యాభై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళు. నెలకు 43,391 రూపాయలు. మొదటి నెల అందులో 35,417 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 7,974. అప్పు తీరేసరికి కట్టింది కోటీ నాలుగు లక్షలు దాటుతుంది. రేటు మాత్రం 'ఫ్లోటింగ్'. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి ఎక్కినప్పుడు ఎందరి వాయిదాలో రిటైర్మెంటు దాటి పింఛన్లోకి జారుకున్నాయి. చాలామందికి ఆ సంగతి ఎస్సెమ్మెస్సులో తెలిసింది. న్యాయంగా ఒక మంచి మాట కూడా చెప్పాలి. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వకపోతే బ్యాంకు మీకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. ఇరవయ్యేళ్ళు ఓపిక పడితే అవతలివాడి పూచీ ఎలా ఉంటుందో మీరూ రుచి చూడొచ్చు.

అదీ అన్నాళ్ళు ఇల్లు నిలిస్తే. 2024 జులైలో చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. చెరువుల్ని కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అనుమతి పత్రం, రిజిస్టరైన దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చేత్తో పట్టుకుని జేసీబీ ముందు ఏడ్చిన కొనుగోలుదారులను ఆ ఏడాది మనమంతా టీవీల్లో చూశాం. చెరువు రాత్రికి రాత్రి వాళ్ళ వంటింట్లోకి నడిచి రాలేదు. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండు నీటిమట్టపు హద్దు, ఎక్కడుందో సంతకాలు పెట్టిన రోజున ఎవరికీ కనబడలేదు, కూలగొట్టే రోజున మాత్రం అందరికీ కళ్ళకు కట్టింది.

ఇవన్నీ దాటి తాళంచెవి చేతికొచ్చాక అసలు కథ మొదలు. ముందు అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు, పాత ఓనరు ఎగ్గొట్టిన మెయింటెనెన్సు చిట్టాతో. వెనకే కింది ఫ్లాటు పెద్దావిడ. 'మీ బాత్రూమ్ మా పూజగదిలోకి కారుతోంది బాబూ. ఆయనకి నాలుగేళ్ళు చెప్పాం, అమ్మేసి పోయారు.' హాల్లో కొత్తగా మెరిసిన ఫాల్స్ సీలింగు పైన ఏముందోనని అప్పుడు అనుమానం వచ్చి ఒక పలక విప్పిస్తే, స్లాబుకు నల్లటి మ్యాపు. మీకు పై ఫ్లాటు వాడిది.

మీ బాత్రూమ్ బాగుకు పిలిచిన మేస్త్రీది పాలమూరు. పని తెలిసినవాడు, మాట తీపి. 'మొత్తం తీసేద్దాం సార్, పది దినాలల్ల అయితది' అన్నాడు. పాత టైల్సు పగలగొట్టాడు, నేల మీద రసాయనం రెండు పూతలు కొట్టించాడు. టైల్సు పరిచే ముందు నీళ్ళు కట్టి ఒక రోజన్నా నిలబెట్టి కింద తడి దిగుతోందేమో చూడాలి. ఈ పనిలో ముఖ్యమైన పరీక్ష అదే.

'నీళ్ళు నిలబెడదామా?' అని అడిగితే మేస్త్రీ నొచ్చుకున్నాడు.

'ఎందుకు సార్? నా చెయ్యి మీద నమ్మకం లేదా? రేపు టైల్సోళ్ళు వస్తరు, వాళ్ళని ఆపితే మళ్ళ దొరకరు.'

టైల్సు పడ్డాయి. షవరు తిప్పారు. వారం తిరక్కుండా కింద పూజగదిలో అభిషేకం. ప్లంబరును పిలిస్తే 'గది మేస్త్రీ పని, నేల వాటం చూడుండ్రి, ట్రాపు దిక్కు నీళ్ళు పోతనే లేవు' అన్నాడు. మేస్త్రీని పిలిస్తే 'పైపు జాయింటు సార్, నేను పెట్టినప్పుడు మంచిగనే ఉండె' అన్నాడు. టైల్సు పరిచినవాడు రాజస్థాన్ వెళ్ళిపోయాడు, చెల్లెలి పెళ్ళట. దుకాణదారు డబ్బా మీది చిన్నక్షరాలు చూపించాడు: నిర్దేశించిన విధంగా వాడితేనే గ్యారంటీ. తిలాపాపం తలా పిడికెడు. ఖర్చు మాత్రం ఒక్కరికే.

పెయింటరుకు లెక్కలు బాగా వచ్చు. మీరు కొన్నప్పుడు మిమ్మల్ని ఏడిపించిన ఆ 1,500ను ఆయన ప్రేమగా దగ్గరికి తీసుకుని మూడుతో హెచ్చవేస్తాడు. 4,500 చదరపు అడుగులు. 'లోపల ఉన్నది పదకొండొందలే కదయ్యా' అంటే, 'డాక్యుమెంటులో పదిహేనొందలని మీరే రాయించుకున్నరు గదా సార్' అంటాడు. లిఫ్టుకూ మెట్లకూ కూడా మీ బెడ్రూములోనే లప్పం పెట్టేశాడన్నమాట. తలుపులూ కిటికీలూ తీసేయవా అని బతిమాలితే, వాటి అంచులు గీయడానికే ఎక్కువ పని అని జాలిగా చూస్తాడు.

వంటగదికి మాడ్యులర్ వాళ్ళొస్తారు. కంప్యూటర్లో ఇల్లు చూపిస్తారు, అందులో కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. సింకు కింద ఐఎస్ 710 ప్లైవుడ్డే వేస్తామంటారు, అది నీళ్ళలో ఉడికించినా విడిపోని రకం. వచ్చిన షీట్ల మీద ఐఎస్ 303 ముద్ర ఉంటే ఉండొచ్చు, లేకుంటే అసలు ముద్రే ఉండకపోవచ్చు. లామినేటు అంటించేశాక లోపల ఏముందో చెప్పాల్సింది చెదపురుగులే. హ్యాండిళ్ళు 'స్కోపులో లేవు'. కబ్జాలు స్కోపులో ఉన్నాయి, మెత్తగా మూసుకునే కబ్జాలు లేవు. బిల్లు కావాలా? 18 శాతం జీఎస్టీ అదనం. వద్దంటే వారంటీ లేదు. ఇంత సూటిగా మాట్లాడిన వాళ్ళు ఈ మొత్తం వ్యవహారంలో వీళ్ళొక్కరే, అందుకు మెచ్చుకోవాలి.

అంతా అయ్యాక బావమరిది ఒక సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొస్తాడు. ఈశాన్యంలో టాయిలెట్టు. సిద్ధాంతిగారు గుండె పట్టుకుంటారు. కమోడు పెకలించమంటారు, రాగి రేకులు పాతమంటారు, పాతే రేకులు ఆయన సంచిలోనే ఉంటాయి. అన్నీ చేసినా కలిసిరాకపోతే? అది జాతకం, ఆయన డిపార్టుమెంటు కాదు. ఈలోగా ఆషాఢం వస్తుంది, వెంటనే మూఢం. పాలు పొంగించడానికి వీల్లేదు కాబట్టి అద్దె ఇంట్లో అద్దె, సొంత ఇంటికి వాయిదా. ఈఎంఐకి మూఢం ఉండదు.

కూలగొట్టిన సరుకు కిందికి దింపాలి. అసోసియేషన్ వాళ్ళు లిఫ్టులో దింపనివ్వరు. దింపినా గేటు దగ్గర పోయనివ్వరు. నిర్మాణ వ్యర్థాలను తీసుకోవడానికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో కేంద్రాలున్నాయి. ట్రాలీ ఆటో కుర్రాడికి ఆ సంగతి చెబితే నవ్వుతాడు. 'అంత దూరం ఎవరు పోతరన్నా? రాత్రి పదకొండు దాటినంక తీస్కపోత. ఎటనేది నాకొదిలెయ్.' మీరూ నోరు మూసుకుని రెండు వేలు ఇస్తారు. ఎటు పోతుందో తెలుసు. ఊరి చివర చెరువొడ్డున ఆ వేళకు ట్రాలీలు వరసలో ఉంటాయి. మీ టైల్సు, పెద్దావిడ పూజగది పెచ్చులు, ఈశాన్యపు కమోడు నీళ్ళలోకి దొర్లుతాయి. రోజుకింత గట్టు జరుగుతుంది. ఒకరోజు దాని మీద రోడ్డు రోలరు తిరుగుతుంది, ఆ పైన ఒక బోర్డు లేస్తుంది.

గృహప్రవేశం నాటికి మీ ఏజెంటు మళ్ళీ ఫోన్ చేస్తాడు. 'లేక్ వ్యూ సార్. ప్రీలాంచ్ రేటు. మీ బావమరిదికి చెప్పండి.' అక్కడ నేల గట్టిదేనా అని అడగండి. 'రాయిలా ఉంటది సార్, ఈమధ్యే నింపారు, అంతా ఫస్ట్ క్లాస్ మెటీరియల్' అంటాడు. ఫస్ట్ క్లాసే మరి, దాని ఖరీదు కట్టింది మీరేగా.